వినుట యొక విద్య

మన పాఠశాల మేడమీద నిలిచి నలుదిక్కులు పరికించినచో, కృష్ణానగర్ యింటికప్పులపై లోహపు పళ్లెములు వందలకొలది కానవచ్చును. జనులు వానిని డిష్షులందురు. అవి యన్నియు ప్రార్థనాసమయమున వరుసదీరిన పిల్లలవలె దక్షిణమునకును ఆగ్నేయమునకును నడుమ ముఖము పెట్టి యుండును. భూమధ్యరేఖకు పైన ఇంచుమించు 36,000 కిలోమీటర్ల యెత్తున నుండు ఉపగ్రహములు మనకు ఆ దిక్కున నుండుటయే దీనికి కారణము. ఈ పేటవారు తీసిన చలనచిత్రమే ఆకాశమున కెగసి, మరల ఆ పళ్లెములలోనికి దిగి, ఆ చిత్రమునకు దీపములు మోసిన కూలివాని గదిలోనే ప్రత్యక్షమగుచున్నది. ఇంతటి వింత ప్రతిదినము మన నెత్తిమీద జరుగుచుండగా, ఇది యెట్లు జరుగుచున్నదని యడుగు పిల్లలు తరగతికి ఎందరు గలరు? అడిగిన యా కొద్దిమందికి మనము చెప్పిన సమాధాన మేమి?

ఈ పాఠశాలలో విజ్ఞానశాస్త్రము బోధించు మేము ఆ ప్రశ్నకు తగిన యుత్తర మీయజాలకపోయితిమి. ఆ కొరత తలంపునకు వచ్చి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. మా యభిప్రాయము ముందే చెప్పెదము. ప్రతి యున్నతపాఠశాలయందును వారమునకొక సాయంకాలము, మేడమీద నొక గంటసేపు, పిల్లలు తమ చేతులతో కట్టిన ఏరియలు పట్టుకొని ఆకాశమునుండి వచ్చు సంకేతములను విను సంఘ మొకటి యుండవలెను. దానిని సెలవులకనియు, పరీక్షల పిదపననియు వాయిదా వేయరాదు. వాయిదా వేయుటవలన నేమి నష్టము కలుగునో మేము స్వయముగా ననుభవించితిమి.

2025 జనవరి మాసమున తొమ్మిదవ తరగతి పిల్లలారుగురు మాయొద్దకు వచ్చిరి. అమెరికా ప్రభుత్వపు వాతావరణోపగ్రహములు మూడు, నోవా 15, నోవా 18, నోవా 19 అనునవి, దినమునకు పలుమారులు మన మీదుగా పోవుచున్నవనియు, అవి 137 మెగాహెర్ట్జుల ప్రాంతమున మేఘముల చిత్రములను ఎల్లవారు వినదగిన ధ్వనిరూపమున వెదచల్లుచున్నవనియు వారెక్కడనో చదివియుండిరి. సెకనుకు రెండు గీతల చొప్పున వచ్చు నా చిత్రము చెవికి గడియారపు టిక్కు టిక్కువలె వినవచ్చునట. ఆ ధ్వనిని పట్టి కంప్యూటరున కందించినచో శ్రీలంక మొదలు హిమాలయములవరకు గల మేఘమండలము గీత వెంట గీతగా తెరపై దిగునట. "అయ్యా, మేడతాళము ఒక్క సాయంకాల మిప్పింపుడు" అని వారు కోరిరి. మేము, "వార్షికపరీక్షలు కానిండు, పిదప చూతము" అంటిమి. పరీక్షలైనవి, వేసవి వచ్చినది. జూనులో బడి తెరచునప్పటికి నోవా 18 మూగవోయెను. మేము, "ఇంకను రెండు గలవు గదా, మొదటి పరీక్షలు కానిండు" అంటిమి. ఆగస్టు 13వ తేదీన నోవా 19ని, 19వ తేదీన నోవా 15ను వాని యధిపతులే పనినుండి తొలగించిరి. 1998లో ఎగిరిన నోవా 15 ఇరువదియేడేండ్లు మన నెత్తిమీదుగా పోవుచు, ఎవరు విన్నను వినకున్నను, తన చిత్రములను పంపుచునే యుండెను. మేము దానికొక సాయంకాలము చూపజాలమైతిమి.

తరువాత దసరా సెలవులలో మేడతాళము తీసితిమి. అడిగిన యారుగురిలో నిద్దరు అప్పటికే ఈ బడి విడిచిపోయిరి. తండ్రికి పని యెచట దొరకిన నచటికి పోవుట ఈ పేట కుటుంబములకు వాడుకయే. మిగిలిన నలుగురు పదవ తరగతికి వచ్చిరి, అనగా వారికి తీరిక మునుపటికంటె తక్కువైనది. ఆ నలుగురితో మేము చేసిన పని యిది. అంతర్జాతీయ అంతరిక్షకేంద్రము సుమారు 400 కిలోమీటర్ల యెత్తున, గంటన్నరకొక ప్రదక్షిణము చొప్పున భూమిని చుట్టుచున్నది. అందలి అమెచ్యూరు రేడియో 145 మెగాహెర్ట్జుల పరిధిలో సంకేతములు పంపుచుండును. ఆ తరంగపు నిడివి రెండు మీటర్లకు కొంచె మెక్కుడు. కనుక అందులో నాలుగవ వంతు, అనగా ఇంచుమించు అరమీటరు గల రెండు కడ్డీలను ఒక చెక్కముక్కకు బిగించి, తీగ నతికితిమి. టెలివిజన్ చూచుటకై చేయబడిన చిన్న యుపకరణమును కంప్యూటరునకు తగిలించితిమి. ఇట్టి యుపకరణము పలువిధములైన రేడియోసంకేతములను పట్టుటకు పనికివచ్చునని 2012 ప్రాంతమున లోకమునకు తెలిసినది. దాని వెల నేడు కొద్ది వేల రూపాయలకు మించదు.

ఆ సాయంకాలము కేంద్రము వాయవ్యమున ఉదయించునని లెక్క చూచుకొని పది నిమిషములు ముందుగానే కూర్చుంటిమి. చెప్పిన నిమిషమునకే హోరునడుమ తునకలు తునకలుగా బుర్రుమను ధ్వని వినవచ్చెను. అది మాటయుగాదు, పాటయుగాదు. మూడు నాలుగు నిమిషములలో నా ధ్వని బలమై, మరల సన్నగిల్లి, ఆగ్నేయమున నణగిపోయెను. అంతలో నొక బాలిక, "అయ్యా, సూచి కదలుచున్నది, మనము నిలిపినచోట అది నిలుచుట లేదు" అనెను. కేంద్రము మనవైపు వచ్చునపుడు దాని కంపనములు కొంచె మెక్కువగను, మనలను దాటి పోవునపుడు కొంచెము తక్కువగను వినబడును. సమీపించు రైలు కూత హెచ్చుగను, దాటిపోయిన రైలు కూత తగ్గుగను వినబడుట యిట్టిదే. సెకనుకు ఏడున్నర కిలోమీటర్లకు పైగా పరుగెత్తు వస్తువునందు ఈ భేదము మూడు కిలోహెర్ట్జులకు మించి యుండును. డాప్లరు సిద్ధాంతమును ఎన్ని యేండ్లుగానో నల్లబల్లపై వ్రాయుచున్నాము. అది యొక బాలిక నోట ప్రశ్నగా వెలువడుట మే మానాడే మొదటిసారి వింటిమి.

ఇట్టి యభిలాష క్రొత్తదనియు, పరదేశపు వేడుకయనియు కొందరు తలంతురు. అది సత్యము గాదు. మన దక్షిణదేశమున ప్రభుత్వము రేడియో నెలకొల్పుటకు ముందే అభిలాషులు నెలకొల్పిరి. 1924లో సి. వి. కృష్ణస్వామి చెట్టిగారు మరికొందరితో గలసి మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు స్థాపించి, ఆ యేటనే ప్రసారము లారంభించిరి. ధనము చాలక 1927లో నది మూతబడగా, దాని యంత్రమును మద్రాసు కార్పొరేషనువారు గ్రహించి 1930లో ప్రసారము సాగించిరి. ఆకాశవాణి ఆ నగరమునకు వచ్చినది 1938లో మాత్రమే. వేడుకగా మొదలైన పని లోకోపయోగమైన సంస్థగా పరిణమించుటకు ఇంతకంటె దృష్టాంతము వలయునా?

ఉపగ్రహముల చరిత్రయు నిట్టిదే. 1957 అక్టోబరు 4వ తేదీన సోవియటు రష్యావారు స్పుత్నిక్కును పంపినపుడు, దాని సంకేతము 20 మెగాహెర్ట్జులకు కొద్దిగా పైన నుండుటచే లోకమందలి రేడియో యభిలాషులు తమ యిండ్లయందే దానిని వినిరి. నాలుగేండ్లు తిరిగిన కొద్ది కాలమునకే, 1961 డిసెంబరు 12వ తేదీన, అమెరికాలోని యభిలాషులు స్వయముగా చేసిన ఆస్కార్ 1 అను చిన్న యుపగ్రహము ఆకాశమున కెగసి, మోర్సు లిపిలో రెండక్షరముల పలకరింపును ఇరువదిరెండు దినములు వినిపించెను.

మన తెలుగునాట 1975 ఆగస్టు మొదలు 1976 జూలై వరకు ఉపగ్రహబోధన ప్రయోగము జరిగెను. దానిలో దేశమందలి ఆరు రాష్ట్రముల గ్రామములు రమారమి 2,400 పాల్గొనినవి. ఆంధ్రప్రదేశ్ గ్రామములును వానిలో నుండెను. కోళ్లగూళ్లకు వాడు వలవంటి తీగవలతో చేసిన మూడు మీటర్ల పళ్లెములతో పల్లెవారు ఆకాశమునుండి నేరుగా టెలివిజను పొందిరి. ఇక 2005 మే 5వ తేదీన శ్రీహరికోటనుండి మనవారు హామ్‌శాట్ అను 42.5 కిలోగ్రాముల యుపగ్రహమును కేవలము రేడియో యభిలాషుల నిమిత్తమే పంపిరి. రెండేండ్లు పనిచేయునని యెంచిన యా యుపగ్రహము 2014 జూలై వరకు, తొమ్మిదేండ్లకు పైబడి, సేవ చేసెను. తన గడ్డనుండి యెగిరిన యా గొంతును తెలుగు బాలు డెందరు వినియుందురు? చేతిలో నొక చిన్న ఏరియలు చాలియుండెడిది.

ఇక నాక్షేపణలను విచారింతము. తలిదండ్రులు మొదట చెప్పునది కాలము. "మా పిల్లవానికి మార్కులు రావలెను, తీగలతో నాడుకొనుటకు వానికి వేళ యెక్కడిది?" అని యందురు. ఈ మాటను మేము తేలికగా కొట్టివేయము. కృష్ణానగర్ సందులలో ఒకే గదియందు నలుగురైదుగురు కాపురముండి, తెల్లవారకమునుపే షూటింగు బండి యెక్కి, అర్ధరాత్రికి గాని యిల్లు చేరని తండ్రికి, తన బిడ్డ యైన తనవలె ఎవరో పిలుతురని కూడలిలో నిలువబడకుండవలెనని కోరిక యుండుట న్యాయమే. అయితే మే మడుగునది వారమున కొక్క గంట. ఆ గంటలో త్రికోణమితియు, తరంగశాస్త్రమును, భూగోళమును, ఇంగ్లీషును గలసియున్నవి. ఉపగ్రహ మెచట నుదయించునో తెలియుటకు అక్షాంశ రేఖాంశములు కావలెను. కడ్డీ యెంత కోయవలెనో తెలియుటకు భాగహారము కావలెను. తప్పు కోసినచో వినబడదు. తిరిగి కొలిచి, తిరిగి కోయవలెను. మార్కులు వేయువాడు అచట ఉపాధ్యాయుడు గాదు, ఆకాశమే. ఇట్టి పరీక్షయందు తప్పిన పిల్లవాడు సిగ్గుపడుట గాని, కాపీకొట్టుట గాని మేము చూడలేదు.

రెండవ యాక్షేపణ ప్రయోజనమునుగూర్చినది. చేతిలో ఫోనుండగా ఈ పాతకాలపు రేడియో యేల యని యడుగుదురు. ఫోను మాటలాడుటకు ఊరిలో స్తంభములును, విద్యుత్తును, దూరమునుండి వచ్చు తీగలును చెక్కుచెదరక యుండవలెను. 2004 డిసెంబరు 26వ తేదీన సునామీ అండమాన్ నికోబార్ దీవులను ముంచినపుడు అవి యుండలేదు. అప్పటికి కొలది వారములుగా పోర్టుబ్లెయిరులో అమెచ్యూరు రేడియో నడుపుటకై శ్రీమతి భారతీప్రసాద్ నాయకత్వమున నొక బృందము వచ్చి యుండెను. లోకమందలి యితర యభిలాషులతో పలుకరింపులు జరుపుటయే వారి పని, అనగా వేడుక. ఆ యుదయమున నా వేడుక ఒక్కసారిగా ప్రాణాధారమైనది. దీవులలోనివారి క్షేమసమాచారములు ఆ రేడియోలమీదుగా ప్రధానభూమికి చేరినవి. వారు నిన్నటివరకు వినుట యభ్యసించియుండుటచేతనే ఆనాడు వినగలిగిరి. ఆపద వచ్చినపిదప ఏరియలు కట్టుట నేర్చుకొందమనుట ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుటయే యగును.

ఆ మహిళ సేవించిన సంస్థ మనకు దూరమున లేదు. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో 1983లో స్థాపింపబడి ఈ హైదరాబాదులోనే, సోమాజీగూడలో నున్నది. మన బడినుండి కొలది మైళ్ల దూరము. మన పిల్లలు సినిమా తారల యిండ్లు చూపుమన్న చూపగలరు గాని, దీని పేరైన విన్నవారు తక్కువ.

మూడవ యాక్షేపణ భయము. "వైర్‌లెస్సనిన పోలీసులు వత్తురేమో" అని యొక తల్లి మమ్మడిగెను. ఆమె భయము నిర్హేతుకము గాదు. ప్రభుత్వానుమతి లేక సంకేతములు పంపుట నేరము. పంపగోరువారు కేంద్రప్రభుత్వమువారి పరీక్షయందు కృతార్థులై అనుమతిపత్రము పొందవలెను. పండ్రెండేండ్లు నిండినవా రా పరీక్షకు కూర్చుండవచ్చును. క్రిందితరగతి పత్రమునకు మోర్సు లిపి యక్కరలేదు. మా సంఘము వినుటకే యేర్పడినది. ఒక్క మాటయు పంపదు. వినుటయందు సయితము మేము కొన్ని నియమములు పెట్టుకొంటిమి. అందరి నిమిత్తము వెలువడు సంకేతములనే వినవలెను. పోలీసువారివి, విమానములవి, ఇరుగుపొరుగువారివి యగు మాటలజోలికి పోరాదు. తాళమువేసి పంపు చిత్రముల తాళము తీయజూడరాదు. చలనచిత్రములమీద బ్రతుకు ఈ పేటలో నది దొంగతనమని వేరుగ చెప్పనక్కరలేదు. కరెంటు తీగలకు దగ్గరగా కడ్డీ యెత్తరాదు. మబ్బు పట్టినపుడు మేడమీద నుండరాదు. పిట్టగోడ నానుకొని నిలువరాదు. ఉపాధ్యాయుడు లేక మేడ యెక్కరాదు. ఈ నియమములను పిల్లలే తమ చేవ్రాతతో వ్రాసి తలుపునకంటించిరి.

తలిదండ్రులకు మేము విన్నవించుకొనవలసిన దింకొకటి గలదు. ఈ సంఘమునకు గురువులు మీలోనే యున్నారు. షూటింగులో దీపముల తీగలు చుట్టువాడు, శబ్దగ్రాహకులకు సహాయుడు, జనరేటరుబండి నడుపువాడు, పాత టెలివిజనులు బాగుచేయువాడు మన పిల్లల తండ్రులే, మేనమామలే. మాకు పుస్తకము తెలియును గాని తీగ నతుకుట తెలియదు. దసరానాటి ఏరియలునకు మొదట మేము వేసిన యతుకు నిలువలేదు. ఒక బాలుని తండ్రి, స్టూడియోలో రాత్రిపని ముగించుకొని కుమారుని కొరకై వచ్చినవాడు, మా చేతిలోని కాపీకడ్డీ తీసికొని రెండు నిమిషములలో దానిని సరిచేసెను. అంతవరకు తన తండ్రి పనినిగూర్చి యడిగిన తలవంచుకొను నా బాలుడు ఆనాడు అందరికిని, "మా నాయన యతికినాడు" అని చెప్పుకొనెను. ఆ మాట మా చెవులలో నింకను మ్రోగుచున్నది. తెరపై కనబడువారి పేర్లే పిల్లలు కంఠస్థము చేయు ఈ పేటలో, తెరవెనుకనున్న చేతులకు గౌరవము గలుగు చోటొకటి యుండిన బాగుగ నుండును గదా.

ధనవ్యయమునుగూర్చి యొక్క మాట. కేబులువారిని మార్చుకొనినవారి డిష్షులు పలుయిండ్లమీద తుప్పుపట్టుచున్నవి. వానిలో నొకదానిని మాకిండు. 2018లో ఎగిరిన ఎస్‌హైల్ 2 అను ఖతారు దేశపు ఉపగ్రహమునందు అమెచ్యూరు రేడియోకై ప్రత్యేకముగా నొక భాగము గలదు. అది కదలక ఆఫ్రికాకు పైన నుండును. మన మేడనుండి పడమటివైపు, కొంచెము దక్షిణమునకు వాలుగా, క్షితిజమునకు ఇరువదియెనిమిది డిగ్రీల యెత్తున పాతడిష్షును త్రిప్పి నిలిపినచో, ఐరోపా ఆఫ్రికా ఖండముల యభిలాషులు ఒకరినొకరు పలుకరించుకొనుట వినవచ్చును. ఇరుగుపొరుగు డిష్షులన్నియు ఆగ్నేయమునకు చూచుచుండగా మనదొక్కటి పడమటికి చూచుచుండును. ఏల యని త్రోవను పోవువారు తప్పక యడుగుదురు. అడుగనిండు. సమాధానము పిల్లలే చెప్పుదురు.

2025 జూలైలో మన దేశీయుడు శుభాంశు శుక్లా అంతరిక్షకేంద్రమునుండి అమెచ్యూరు రేడియో మూలమున భారతీయ విద్యార్థులతో సంభాషించెను. ఆనాడు మన పిల్లలు దానిని మరునాటి వార్తలలో చూచిరి. అంతరిక్షకేంద్రము తరచుగా మన మేడమీదుగా పోవుచునే యున్నది. మరల నట్టి సమయము వచ్చుసరికి మన పిల్లల చేతిలో కొలిచి కోసిన కడ్డీ యొకటి యుండవలెనని మా కోరిక.

కావున పెద్దలను మేము వేడునది స్వల్పము. పాఠశాలాధికారులు శనివారపు సాయంకాలము నొక గంట మేడతాళము మాకీయవలెను. తలిదండ్రు లా గంట పిల్లలను పంపవలెను. చేతిపని తెలిసినవారు నెలకొక్కసారి తామును రావలెను. పదవ తరగతివారిని పరీక్షల పేర తప్పింపరాదు, ఏలయన మొదట నడిగినవారు వారే. బాలబాలికలారా, మీరు మమ్ములను విడువక యడుగుడు. రష్యావారి వాతావరణోపగ్రహములు కొన్ని యింకను 137 మెగాహెర్ట్జుల ప్రాంతమున చిత్రములు పంపుచున్నవి. వచ్చు సంవత్సరపు సంచికలో నీ పుటయందు మీరు పట్టిన మేఘచిత్ర మొకటి యచ్చు వేయింపవలెనని సంపాదకవర్గమును ఇప్పుడే కోరియున్నాము. ఆ చోటు ఖాళీగా నుండినచో దోషము మాదని చదువరులు గ్రహింతురు గాక.